విశ్రాంతిలో ఉన్న బ్యాటరీలు

నికనోర్ తొమలాని మా వీధిలో అందరూ ఇంజినీరు గారు అనే పిలిచేవారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఇంజినీరింగు కాలేజీ గేటు ముందు నుంచే బస్సు నడిపాడు కాబట్టి, ఆ చదువుకీ ఆయనకీ బొత్తిగా సంబంధం లేదని అనడానికి వీల్లేదు.

మా ఊరు గ్వయాకిల్‌లో మనిషి పేరుకి ముందు ఏదో ఒకటి తగిలించి ఉండాలి. లేకపోతే బనీను మీద బజారుకి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. పళ్ళ డాక్టరు దగ్గర గిన్నెలూ పటకార్లూ కడిగే మనిషి మా అందరికీ డాక్టరు గారు. ఎన్నికల్లో ఒక్కసారి నిలబడి చిత్తుగా ఓడిపోయిన మాంసం కొట్టాయన ఈనాటికీ కౌన్సిలరు గారు. ఒక్క బస్సు డ్రైవరుకి మాత్రం ఈ ఊరు ఏమీ ఇవ్వలేదు. "ఓ డ్రైవరూ, మూల మీద ఆపు" అని వెనక సీట్లోంచి కేకేస్తారు. వయసు చూడరు, తెల్లజుట్టు చూడరు. జీవితమంతా అలా కేకేయించుకున్న మనిషికి రిటైరయ్యాక ఇంజినీరు అనే పిలుపు దొరికితే, దాన్ని పోగొట్టుకోకుండా ఉండటానికి ఎంత దూరం వెళతాడో ఎదురింటి కిటికీలోంచి చూసినవాణ్ణి నేను.

ఆ పిలుపు ఆయనకి మంటల్లోంచి వచ్చింది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ సిగరెట్లు మానెయ్యమంటే, నికనోర్ మానేసి వేప్ అనే ఆవిరి సిగరెట్టు కొన్నాడు. ఆయన్ని చూసి, మూల మీద పేకాడే రిటైరైన డ్రైవర్లందరూ కొన్నారు. వాళ్ళని చూసి వాళ్ళ భార్యలు కొందరు కొన్నారు. సాయంత్రమయ్యేసరికి మా వీధి మూల మామిడిపండు వాసనతో, పుదీనా వాసనతో పొగమంచు పట్టినట్టుండేది. ఆ గొట్టాల్లో వేసే బ్యాటరీ బొటనవేలంత ఉంటుంది. దాని ఒళ్ళంతా ఇనుము, పైన ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్ తొడుగు. నికనోర్ దగ్గర అదనంగా ఉన్న బ్యాటరీకి ఆ తొడుగు పైచివర చిరిగిపోయింది. ఆయన దాన్ని ప్యాంటు జేబులో, ఇంటి తాళాలతో పాటు వేసుకుని, ఆదివారం పొద్దున చేపల పులుసు బండి దగ్గర వరసలో నిలబడ్డాడు. జేబులోంచి ముందు పాము బుసలాంటి చప్పుడు వచ్చింది, తర్వాత పొగ వచ్చింది, ఆ తర్వాత నికనోర్ ప్యాంటులోంచి బయటికి వచ్చాడు. పులుసు బండివాడు పళ్ళేలు కడిగిన బకెట్టు నీళ్ళు ఆయన మీద కుమ్మరించాడు. వీధి వీధంతా చూసింది.

వారం పాటు నవ్వారు. ఆ తర్వాత వెల్లింగ్టన్ పింకాయ్ తన గొట్టంలోని బ్యాటరీ తీసి నికనోర్ ముందు పెట్టాడు. వెల్లింగ్టన్ వడ్రంగి. అతని పెద్దకూతురి జ్ఞానస్నానానికి ధర్మతండ్రిగా నిలబడింది నికనోరే కాబట్టి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు కొంపాద్రే అని పిలుచుకుంటారు. మా వైపు ఆ వరస అన్నదమ్ముల కంటే గట్టిది. సొంత తమ్ముడికి లేదనొచ్చు గాని కొంపాద్రేకి లేదనకూడదు.

"మీది పేలింది కదా కొంపాద్రే, మీకు తెలిసుంటది. ఇది పేలుద్దా?"

నికనోర్‌కి ఏమీ తెలియదు. తెలియదని చెబితే మళ్ళీ ప్యాంటు సంగతి ఎత్తుతారు. అందుకని బ్యాటరీ తీసుకుని గోటితో తట్టాడు, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు, పేలదని చెప్పాడు. అది పేలలేదు. పేకాట బల్ల దగ్గర వెల్లింగ్టన్ మొదటిసారి ఆయన్ని ఇంజినీరు గారూ అన్నాడు. ఆ మాటకి వంటింట్లో నికనోర్ భార్య సోయిలా నవ్వు వీధిలోకి వినిపించింది. నికనోర్ మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం ఆయన నడుము కొంచెం నిటారుగా నిలబడింది.

తర్వాత అదొక విద్య అయిపోయింది. ఇంటి ముందు ప్లాస్టిక్ బల్ల, దాని మీద చేతిరుమాలు, భూతద్దం. వచ్చినవాళ్ళు వరసలో కూచునేవారు. నికనోర్ బ్యాటరీని వాసన చూసేవాడు, బల్ల మీద దొర్లించేవాడు, దాని వేడి తెలుసుకోవడానికి బుగ్గకి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. తొడుగు రంగు వెలిసిపోతే ఎండ అన్నాడు. పైచివర నల్లబడితే చేతిమురికి అన్నాడు. గోధుమరంగు మచ్చ కనిపిస్తే పొద్దున కాఫీ తాగుతూ ఎవరు పట్టుకున్నారని అడిగాడు. చివర తెల్లటి పొడి కట్టి ఉంటే, ఏటి మీంచి వచ్చే ఉప్పుగాలి, మన ఊళ్ళో కిటికీ ఊచలకే తప్పలేదు, బ్యాటరీ ఎంత అన్నాడు. జనం తల ఊపేవారు. ఇన్నేళ్ళూ ఉప్పుగాలిని తిట్టుకున్నారు గాని అది బ్యాటరీల దాకా వచ్చిందని ఎవరికీ తట్టలేదు.

దీనికి తోడు చొక్కాల గొడవ వచ్చింది. బజారులో కొత్త తొడుగులు దొరుకుతాయి. బ్యాటరీకి తొడిగి జుట్టు ఆరబెట్టే వేడిగాలి కొడితే బిగుసుకుంటాయి. మా ఊళ్ళో ఫుట్‌బాల్ జట్లు రెండు, పసుపూ నీలమూ. కాబట్టి తొడుగులూ ఆ రెండు రంగుల్లోనే వచ్చేవి. చిరిగిన తొడుగు ప్రమాదమని ఎవరూ మార్చలేదు, మ్యాచ్ ఉందని మార్చారు. లోపల బ్యాటరీకి సొట్టపడినా, తుప్పుపట్టినా, పైన పసుపు చొక్కా పడేసరికి అది ఆటకి తయారైనట్టే. నికనోర్ పుట్టుకతో పసుపు మనిషి. పసుపు తొడుగు బ్యాటరీని ఆయన చెవి దగ్గర పెట్టుకోకుండానే ప్యాసు చేస్తున్నాడని నీలం వాళ్ళు గొణిగారు. ఆయన తన నిష్పక్షపాతం చూపించుకోవడానికి రెండు నీలం బ్యాటరీలని కూడా వినకుండానే ప్యాసు చేశాడు.

చొక్కాలు కొనుక్కురావడానికే ఒకరోజు బజారుకి వెళ్ళాడు. అక్కడ బ్యాటరీలు అమ్మే యదీరా అనే ఆవిడ అరటికాయ చిప్స్ తింటూ, చొక్కాలు తొడగాలని ఆయన సంచిలోంచి తీసిన బ్యాటరీలని ఒక్క వేలితో ఇటు కొన్ని, అటు కొన్ని నెట్టింది. నికనోర్ తాను ఇంజినీరునని చెప్పుకున్నాడు. ఆవిడ మరింత విసుక్కుంది. రంగు వెలిస్తే ఏమీ కాదంది. తొడుగు చిరిగితే, లోపల ఇనుము శుభ్రంగా ఉండి, తల దగ్గర తెల్ల కాగితం చుట్టు సరిగ్గా ఉంటే తొడుగు మార్చుకోవచ్చు, మార్చేదాకా వాడకూడదు. ఎందుకంటే కరెంటుకి ఆ ఒళ్ళంతా ఒక కొస, తల ఒక్కటే రెండో కొస, మధ్యలో అడ్డు ఆ ఉల్లిపొరే, ఏ తాళంచెవో తగిలి రెండూ కలిస్తే మంటే. సొట్టపడినా, తుప్పుపట్టినా, ఉబ్బినా, చివర తెల్లపొడి కట్టినా, కాలినట్టు నల్లబడినా, ఛార్జింగులో చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా తీసెయ్యడమే. రెండు చివర్లకీ టేపు అంటించి తీసుకొస్తే తానే పంపించాల్సిన చోటికి పంపిస్తానంది. చెత్తలో వెయ్యొద్దు, రేకు డబ్బాల్లో పొయ్యొద్దు అని కూడా అంది.

పారెయ్యాలని ఆవిడ అటు నెట్టినవి ఎక్కువ, పరవాలేదని ఇటు నెట్టినవి తక్కువ. నికనోర్ బస్సెక్కి ఇంటికి వచ్చాడు. ఆ బస్సులో ఎవరో డ్రైవరుని ఓ డ్రైవరూ అని కేకేశారనీ, తాను ఉలిక్కిపడి తల తిప్పాననీ తర్వాత ఎప్పుడో నాతో చెప్పాడు.

నేర్చుకున్నది ఆయన ఒక్కసారి పాటించి చూశాడు. మా వీధిలోనే ఉండే పెతీతా ఆంటీ తెచ్చిన బ్యాటరీ చివర తెల్లగా పొడి కట్టి ఉంది. ఇది పారెయ్యాలి అన్నాడు. పెతీతా ఆంటీ మొహం మాడిపోయింది. అది పోయిన ఏడాది కాలం చేసిన ఆవిడ భర్తది. ఆయన ఆఖరి రోజుల్లో తాగిన గొట్టంలోది. మా ఆయన్ని చెత్తబుట్టలో వెయ్యమంటున్నాడని ఆవిడ చర్చి మెట్ల మీద ఏడ్చింది. మాంసం కొట్టు దగ్గర మాత్రం ఏడవలేదు. ఆ డ్రైవరుకి తలకి పొగరెక్కింది అంది. ఆ మాట మధ్యాహ్నం భోజనం వేళకి నికనోర్ ఇంటికి చేరింది. అన్నం, పప్పు, వేయించిన అరటిపండు పళ్ళెంలో అలాగే ఉండిపోయాయని సోయిలా చెప్పింది.

మర్నాడు ఆయనే పెతీతా ఇంటికి వెళ్ళాడు. మళ్ళీ చూశానని, దానికి జబ్బేమీ లేదని, ఉత్త అలసటేనని చెప్పాడు. పారెయ్యక్కర్లేదు, విశ్రాంతి ఇస్తే చాలు, నా దగ్గర ఉంచండి, చల్లటి చోట పడుకోబెడతాను అన్నాడు. పెతీతా ఆయన చేతులు రెండూ పట్టుకుని ఇంజినీరు గారూ అంది.

అక్కణ్ణించి ఆయనకి దారి దొరికింది. చెడిపోయినదాన్ని చెడిపోయిందని అనడు, విశ్రాంతి కావాలంటాడు. దాంతో అపాయం జేబుల్లోంచి తప్పుకునేది, ఎవరి మనసూ నొచ్చుకునేది కాదు, పిలుపూ నిలిచేది. ఆలోచిస్తే అందులో కొంత మంచి కూడా ఉందని నేను ఒప్పుకుంటాను. కాని తెచ్చినవాటికి టేపు అంటించలేదు. అంటిస్తే జనం ఎందుకని అడుగుతారు. యదీరా దగ్గరికీ తీసుకెళ్ళలేదు. తీసుకెళితే రేపు వాటిని ఎక్కణ్ణించి తెచ్చి లేపుతాడు? అన్నిటినీ మంచం కింద బిస్కెట్ల డబ్బాలో పడుకోబెట్టాడు. డబ్బా రేకుది.

వీధికి ఈ విశ్రాంతి తెగ నచ్చింది. మనుషులకే దొరకని విశ్రాంతి బ్యాటరీలకి దొరుకుతోందని జోకులేశారు. మాదెప్పుడు లేస్తుందని అడిగితే, నిద్రలో ఉన్నదాన్ని లేపితే చిరాకు పడుతుందని చెప్పి పంపేవాడు. సోయిలా మాత్రం ఆ మంచం మీద పడుకోవడం మానేసి ఊయలలోకి మారింది. ఇంట్లో ఎవరో ఒకళ్ళు లేచి ఉండాలిగా అనేది.

డిసెంబరు వచ్చింది. మా ఊళ్ళో ఏడాది ఆఖరి రోజున, వెళ్ళిపోయే సంవత్సరానికి గుర్తుగా, పాతేడు అనే బొమ్మని తగలబెట్టడం ఆచారం. పాతబట్టలకి పొట్టు కూరి, కాగితం మొహం పెట్టి, కడుపులో టపాకాయలు పేర్చి, పొద్దుటి నుంచి వీధి మూల కుర్చీలో కూచోబెడతారు. ఏడాదిలో చెడ్డదేదైనా ఉంటే, ఆస్పత్రి చీటీ గాని, వదిలేసి పోయినవాడి చొక్కా గాని, అందులో కూరతారు. అర్ధరాత్రి బొమ్మతో పాటు అదీ కాలిపోతుంది. మంత్రుల బొమ్మలు చేస్తారు, గోలు కొట్టని ఆటగాళ్ళ బొమ్మలు చేస్తారు. ఆ సంవత్సరం వెల్లింగ్టన్ ఎవరికీ చెప్పకుండా నికనోర్ బొమ్మ చేశాడు. నోట్లో ఆవిరిగొట్టం, చేతిలో భూతద్దం, మెడలో అట్టముక్క మీద ఎర్రరంగుతో: ఇంజినీరు నికనోర్ తొమలా. మా వీధి చరిత్రలో మామూలు మనిషికి దక్కిన మొదటి బొమ్మ అదే.

సంగతి తెలిసి నికనోర్ పొద్దున్నే మంగలి దగ్గరికి వెళ్ళాడు, బొమ్మ పక్కన ఫొటో దిగాలని. ఆయన లేనప్పుడు సోయిలా సంవత్సరాంతపు ఊడ్పు మొదలుపెట్టింది. మంచం కింది డబ్బా తీసి వెల్లింగ్టన్ చేతిలో పెట్టింది. ఏడాది పొడుగునా పడుకున్నవి ఇంక లేవవు కొంపాద్రే, చెడ్డవాటిలో కలిపెయ్యండి అంది. వెల్లింగ్టన్‌కి ఆ ఆలోచన మహా సొంపుగా తోచింది. బొమ్మ ఛాతీ విప్పి, డబ్బాడు బ్యాటరీలనీ గుండె ఉండాల్సిన చోట పొట్టులో కూరి, చుట్టూ టపాకాయలు పేర్చి కుట్టేశాడు.

నికనోర్ తలకి నూనె రాసుకుని మెరుస్తూ వచ్చేసరికి వీధి అంతా అక్కడే ఉంది. పిల్లలు వంతులవారీగా బొమ్మ ఒళ్ళో కూచుని ఫొటోలు దిగుతున్నారు. వెల్లింగ్టన్ గర్వంగా బొమ్మ ఛాతీ మీద చరిచాడు. లోపల ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడైంది.

"అందులో ఏముంది కొంపాద్రే?" అన్నాడు నికనోర్.

"మీ గుండెకాయ. దోన్యా సోయిలా ఇచ్చింది."

మిట్టమధ్యాహ్నం. మా వైపు డిసెంబరు ఎండ బొమ్మ మీద నేరుగా పడుతోంది. నికనోర్ ముందు ఒళ్ళోని పిల్లని దింపాడు. దింపి, ఇంజినీరుగానే గట్టెక్కాలని చూశాడు. బరువెక్కువైతే బొమ్మ ఒరిగిపోతుంది, తీసెయ్యండి అన్నాడు. వెల్లింగ్టన్ బొమ్మని కుర్చీకి తాడేసి కట్టాడు. వాటిలో కొన్ని ఇవాళో రేపో లేచేలా ఉన్నాయి, కాల్చేస్తే పాపం అన్నాడు నికనోర్. కొత్త సంవత్సరంలోకి పాత అలసట ఎందుకు తీసుకెళ్ళాలి, మేము కొత్తవి కొనుక్కుంటాం అన్నారు పేకాట వాళ్ళు. పెతీతా ముందుకొచ్చింది.

"మా ఆయన కూడా అందులోనే ఉన్నాడు. మీతో పాటు పోతే ఆయనకీ తోడుంటది, ఇంజినీరు గారూ."

నేను కిటికీ దగ్గర్నుంచి కిందికి దిగి వచ్చాను. నికనోర్ అట్టముక్క మీది ఎర్రక్షరాలని చూస్తున్నాడు. ఆ చూపు నాకు అర్థమైంది. ఇంకొక్క అబద్ధం దొరికితే పిలుపు నిలుస్తుంది. వెతికాడు, దొరకలేదు. పిల్లల్లో ఒకరు మళ్ళీ బొమ్మ ఒళ్ళోకి ఎక్కబోయారు.

"దాని దగ్గరికి రావద్దు," అన్నాడు. "అవి నిద్రపోవట్లేదు. చెడిపోయినయ్. కొన్ని కారినయ్, కొన్ని సొట్టలు పడినయ్. మంట తగిలితే తూటాల్లాగా లేస్తయ్, ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు పోతయ్. ఒకటి నా కాలు కాల్చింది. ఇందులో డబ్బాడు ఉన్నయ్."

వెల్లింగ్టన్‌కి అర్థం కాలేదు. "మరి విశ్రాంతి అన్నారుగా?"

"పారెయ్యమంటే మీరు నన్ను డ్రైవరనేవాళ్ళు."

"చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్ళుగా?"

"ఏమీ వినపడేది కాదు కొంపాద్రే. బ్యాటరీ చప్పుడు చెయ్యదు."

ఉప్పుగాలి కూడా అబద్ధమేనా అని వెనకనించి ఎవరో అడిగారు. అబద్ధమే అన్నాడు. పసుపు వాళ్ళ వైపు తిరిగి, ఆ చొక్కాల కింద ఏముందో నేను ఎప్పుడూ చూడలేదు, ఇంటికెళ్ళి మీరు చూసుకోండి అన్నాడు. నీలం వాళ్ళు ఇది తమకి ముందే తెలుసన్నారు. అప్పుడు ఆయన వాళ్ళవీ చూడలేదని గుర్తు చేశాడు.

బొమ్మ ఛాతీ కుట్లు నికనోరే విప్పాడు. పిల్లల్నీ పెద్దల్నీ రోడ్డు అవతలికి పంపించాడు. వెల్లింగ్టన్ మాత్రం కదల్లేదు. కోపంతో మొహం ఎర్రబడి ఉన్నా, కొంపాద్రే కొంపాద్రేనే కాబట్టి, టేపు చుట్ట పట్టుకుని పక్కన కూచున్నాడు. నికనోర్ ముందు టపాకాయలు తీసి దూరంగా పెట్టించాడు, తర్వాత ఒక్కొక్క బ్యాటరీ తీశాడు. వెల్లింగ్టన్ రెండు చివర్లకీ టేపు అంటించాడు. ఇసుక పోసిన ప్లాస్టిక్ బకెట్లో, ఒకదానికొకటి తగలకుండా గుచ్చి, పెరట్లో గోడవారగా నీడలో పెట్టారు, సెలవులయ్యాక యదీరా కొట్టుకి చేరేదాకా. అంతా అయ్యాక వెల్లింగ్టన్ కుంచె తెచ్చి, అట్టముక్క మీద మొదటి మాట మీద నల్లరంగు పూశాడు. నికనోర్ అడ్డు చెప్పలేదు. రంగు ఆరేదాకా అట్ట పట్టుకుని నిలబడ్డాడు కూడా.

ఆ రాత్రి బొమ్మ మామూలుగా కాలింది. ఈసారి చప్పుళ్ళు తక్కువయ్యాయని జనం సణిగారు.

జనవరి నుంచి ప్లాస్టిక్ బల్ల దగ్గర వరస లేదు. పక్కవీధిలో పశువుల మందుల కొట్టులో పనిచేసే ఒకాయన బ్యాటరీలకి టీకా వేస్తున్నాడని విన్నాం. అక్కడ అన్నీ ప్యాసవుతున్నాయట. వెల్లింగ్టన్ పేకాటలో మళ్ళీ కొంపాద్రే అనడానికి కొన్నాళ్ళు పట్టింది. మిగిలినవాళ్ళు గారు లాంటి మామూలు మర్యాదతో దోన్ నికనోర్ అన్నారు. కొందరు అదీ అనలేదు. ఆయన నడుము మళ్ళీ కొంచెం వంగిందని నాకనిపించింది. అయితే సోయిలా ఊయల విప్పి మంచం మీదికి వచ్చింది.

కార్నివాల్ పండగ రోజుల్లో ఒక పొద్దున పెతీతా ఆంటీ ఆ బల్ల ముందు నిలబడింది. భర్తని బకెట్లో గుచ్చినందుకు ఆవిడ అప్పటిదాకా పలకరించలేదు. బ్యాటరీ ఒకటి బల్ల మీద పెట్టింది. పసుపు తొడుగు. నికనోర్ గోటితో దాన్ని చివరినుంచి చీల్చాడు. కింద సొట్ట, సొట్టలో తుప్పు.

"పారెయ్యాలి," అన్నాడు.

"వాసన చూడరా?"

"అక్కర్లేదు దోన్యా పెతీతా. ఇదుగో, ఇక్కడ. మీరే చూడండి."

ఆవిడ చూడలేదు. పారెయ్యమనడానికి మీ దాకా రావడమెందుకు, ఆ పక్కవీధాయన అయితే ఎంత మర్యాదగా మాట్లాడతాడో అని, చాలాసేపు చెప్పింది. నికనోర్ ఆ మాటలు వింటూనే టేపు అంటించాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది, వంగి ఆ సొట్ట వైపు ఒకసారి చూసింది. మెట్లు దిగి వీధి వైపు నడిచింది. గేటు దగ్గర ఆగింది. వెనక్కి వచ్చి, చేతిసంచిలోంచి ఇంకో బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టింది.

"మరి ఇది?"